సూదికి ముందు, సూది తర్వాత: రక్తం తీయడం నేర్చుకున్న నా అనుభవం

ఇంటర్ బైపీసీ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, అంటే డీఎంఎల్‌టీలో చేరిన ప్రతివాడికీ ఒకటే తొందర, సూది ఎప్పుడు పట్టుకుంటామా అని. మా బ్యాచ్‌కీ అంతే. తీరా శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రికి క్లినికల్ పోస్టింగ్‌కి వెళ్తే, సూది సంగతి అలా ఉంచి ట్రే కూడా ముట్టుకోనివ్వలేదు అక్కడి సీనియర్ టెక్నీషియన్ మేడం. తలా నాలుగు రిక్వెస్ట్ ఫారాలు చేతిలో పెట్టి, "ఆడవాళ్ల మెడికల్ వార్డుకెళ్లి ఈ పేర్ల వాళ్లెవరో కనుక్కుని రండి. ఎవరి చెయ్యీ పట్టుకోవద్దు" అని పంపించారు.

ఇదో పనా అనుకుంటూ వెళ్లాం. మా వైపు లక్ష్మి, అప్పలనరసమ్మ, రాములమ్మ లేని వార్డు ఉండదు. ఒక్కోసారి ఇద్దరేసి ఉంటారు. నాతో వచ్చిన కుర్రాడు ఒక మంచం దగ్గర ఆగి "లక్ష్మి గారేనా?" అనడిగాడు. ఆ ముసలావిడ "ఊ" అంది. వాడు ఫారం మీద టిక్కు పెట్టేశాడు. మంచానికి తగిలించిన కేసు షీటులో చూస్తే వేరే పేరుంది. ఆవిడకి సరిగ్గా వినపడదు. తెల్లకోటు వేసుకున్నవాళ్లు ఏమడిగినా ఊ కొట్టడం ఆవిడకి అలవాటు. అసలు లక్ష్మి బయట వరండాలో మనవడితో కూర్చుని టీ తాగుతోంది.

తిరిగొచ్చాక మేడం చెప్పింది ఇదే. "ఫలానా గారేనా" అని అడగకూడదు. "పేరేంటమ్మా, ఇంటిపేరుతో చెప్పండి" అనాలి. పేరు పేషెంటు నోటి నుంచి రావాలి. ఆ తర్వాత వయసో, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరో, రెండో గుర్తు ఒకటి కలవాలి. స్పృహలో లేనివాళ్లయితే చేతి పట్టీ, కేసు షీటు, పక్కనున్న మనిషి చెప్పేది, మూడూ ఒకటే కావాలి. షుగర్ శాంపిల్ తారుమారైతే రేపు మళ్లీ తీసుకోవచ్చు. రక్తం ఎక్కించడం కోసం తీసే క్రాస్‌మ్యాచ్ శాంపిల్ తారుమారైతే ‘ఎ’ గ్రూపు మనిషికి ‘బి’ గ్రూపు రక్తం ఎక్కుతుంది. అది ప్రాణం మీదకొచ్చే తప్పు. పైగా ట్యూబులోని రక్తాన్ని ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తగా పరీక్షించినా ఈ తప్పు బయటపడదు. రక్తం సరైనదే, మనిషే వేరు.

ట్యూబు మీద పేరు ఎప్పుడు రాయాలన్నది కూడా ఇందులో భాగమే. రక్తం తీశాక, మంచం దగ్గరే, పేషెంటు ఎదురుగానే రాయాలి. పొద్దున్నే పని తెమలాలని డ్యూటీ రూములో కూర్చుని ట్యూబులన్నిటికీ స్టిక్కర్లు అంటించేసి, ట్రేలో మంచాల వరసలో పేర్చుకుని బయల్దేరేవాళ్లని తర్వాత చాలాచోట్ల చూశాను. మధ్యలో ఒక పేషెంటు ఎక్స్‌రేకి వెళ్లినా, ఎవరో మంచం మారినా ఆ వరస అంతా పక్కకి జరిగిపోతుంది. అలాగని ముందే రాసుకోకుండా, తీసిన ట్యూబులన్నీ జేబులో వేసుకుని ల్యాబ్‌కి వచ్చి గుర్తుచేసుకుంటూ రాసేవాళ్లూ ఉన్నారు. వాళ్లని చూస్తే నాకు ఇంకా భయం.

సూది దాకా రావడానికి ముందు మేం నేర్చుకున్నది నరం, అంటే సిర, వెతకడం. మొదట కాలేజీలో ప్లాస్టిక్ చేతి మీద, తర్వాత ఒకరి చేతులు ఒకరం పట్టుకుని. ప్లాస్టిక్ చెయ్యి మంచిదే కానీ దానికి చెమట పట్టదు, భయంతో నరాలు ముడుచుకుపోవు, "అబ్బా" అనదు.

"కళ్లతో వెతక్కు, వేలితో వెతుకు" అనేవారు మేడం. పైకి నీలంగా కనిపించేవాటిలో చాలావరకు చర్మానికి ఆనుకుని ఉండే సన్నవి. సూది తగలగానే పక్కకి జారిపోతాయి. మోచేతి మడతలో మధ్యన ఉండే మీడియన్ క్యూబిటల్ చాలామందిలో కంటికి అసలు కనపడదు, వేలికే తెలుస్తుంది. నొక్కితే మెత్తగా లోపలికి దిగి, వదలగానే పైకి లేస్తుంది. నొక్కినప్పుడు లబ్‌డబ్‌మని కొట్టుకుంటుంటే అది ధమని, వదిలెయ్యాలి. తాడులాగా బిగుసుకుని ఉంటే అది టెండన్, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచేది. చూపుడు వేలితోనే చూడాలి, బొటనవేలితో వద్దు. బొటనవేలిలో మన నాడి కొట్టుకోవడమే మనకి తగిలి ధమని అనిపిస్తుంది. మధ్యది దొరక్కపోతే బొటనవేలి వైపు నుంచి పైకి వెళ్లే సెఫాలిక్ చూడాలి. లావుగా ఉన్నవాళ్లలో చాలాసార్లు ఇదే ఆదుకుంటుంది. చిటికెన వేలి వైపు ఉండే బాసిలిక్ మాత్రం ఆఖరి మాట. చూడ్డానికి అన్నిటికన్నా అదే ఉబ్బి ఊరిస్తుంది కానీ దాని పక్కనే పెద్ద ధమని, ముఖ్యమైన నాడి (నెర్వ్) రెండూ ఉంటాయి. కొత్తవాళ్లు మొదట పడేది అక్కడే.

గ్లవ్ వేసుకుంటే నరం తెలియట్లేదని చూపుడు వేలి దగ్గర గ్లవ్ చివర చింపేసుకునే అలవాటు ఒకటుంది. మా సీనియర్లలోనే చాలామంది చేసేవారు. అలా చింపాక గ్లవ్ వేసుకోవడం దండగ, రక్తం అంటుకునే చోటే తెరిచిపెట్టుకున్నట్టు. వారం పది రోజులు ఓపిక పడితే గ్లవ్ మీంచి కూడా వేలికి తెలుస్తుంది. నాకు తెలిసింది.

నరం ఉబ్బడానికి చేతికి బిగించి కట్టే పట్టీ, టోర్నికెట్ గురించి పుస్తకంలో రెండు లైన్లే ఉంటాయి. గుచ్చే చోటికి నాలుగు వేళ్ల పైన కట్టాలి, నిమిషం దాటకూడదు. మొదటిది అందరూ పాటిస్తారు. రెండోదాన్ని దాదాపు ఎవరూ పాటించరు. కావాలని కాదు. కట్టేస్తాం, నరం వెతుకుతాం, దొరికాక దూది కోసం చూస్తాం, స్పిరిట్ రాస్తాం, సూది ప్యాకెట్ చింపుతాం, ఈలోపు ఎవరో ఏదో అడుగుతారు. గడియారం చూస్తే మూడు నిమిషాలు. అంతసేపు కట్టి ఉంచితే నరంలోని నీరు బయటికి ఊరి, వెనక మిగిలిన రక్తం చిక్కబడుతుంది. ప్రోటీన్లు, కాల్షియం, కొలెస్ట్రాల్, రక్తకణాలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. మేడం పద్ధతి వేరు. ఒకసారి కట్టి నరం ఎక్కడుందో చూసుకుని విప్పేసేవారు. అప్పుడు సామానంతా సర్దుకుని, స్పిరిట్ రాసి, అది ఆరాక మళ్లీ కట్టి వెంటనే గుచ్చేవారు. చూసేవాళ్లకి రెండుసార్లు కట్టడం చాదస్తంగా ఉంటుంది. టోర్నికెట్ లేని వార్డుల్లో గ్లవ్‌నే చుట్టి కడతారు. అది సన్నటి తాడులా చుట్టుకుపోయి చర్మాన్ని కోస్తుంది. ఇంకా పెద్ద చిక్కేమిటంటే, ముడి పడితే ఒక్క చేత్తో విప్పడం కుదరదు. సూది లోపల ఉన్నప్పుడు మనకి ఖాళీగా ఉండేది ఒక్క చెయ్యే.

దాంతోపాటు వినపడే ఇంకో మాట, "గుప్పెట మూసి తెరువు, మూసి తెరువు." రక్తం తీసే ప్రతిచోటా ఈ మాట వినే ఉంటారు. నరం ఉబ్బే మాట నిజమే. కానీ అలా కండరాన్ని పనిచేయిస్తే అందులోంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది. గుప్పెట ఒకసారి మెల్లగా మూసి ఉంచితే చాలు, రక్తం రాగానే తెరిచెయ్యమనాలి. నరం నిజంగా కనపడకపోతే చెయ్యి కిందికి వేలాడేయించడం, గోరువెచ్చటి గుడ్డ కప్పడం ఇంతకన్నా బాగా పనిచేస్తాయి. నరం మీద చటచటా కొట్టడం మాత్రం వద్దు.

స్పిరిట్ దగ్గర జరిగేవి చిన్న తప్పులే, రోజూ జరిగేవి. వాడేది 70 శాతం ఆల్కహాల్. రాశాక అర నిమిషం దానంతట అది ఆరాలి. ఆరుతున్నప్పుడే అది క్రిముల్ని చంపుతుంది. ఆ అర నిమిషం ఆగలేక నోటితో ఊదేవాళ్లు, ఫారంతో విసిరేవాళ్లు, పొడి దూదితో తుడిచేసేవాళ్లు ఉంటారు. తడి మీదే గుచ్చితే పేషెంటుకి భగ్గున మంట, ఆ ఆల్కహాల్ సూదితోపాటు వెళ్లి ఎర్రకణాలు పగలడం అదనం. అంతా చక్కగా చేసి, గుచ్చే ముందు "ఇక్కడే కదా" అని అదే చోట మళ్లీ వేలు పెట్టి చూసుకోవడం అన్నిటికన్నా మామూలు.

ఇంక సూది. పెద్దవాళ్లకి 21 గేజ్, హబ్ (సూది వెనకుండే ప్లాస్టిక్ మూల) ఆకుపచ్చగా ఉంటుంది. 22 నలుపు, 23 నీలం. గేజ్ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. సూది మొన ఏటవాలుగా కోసి ఉన్న వైపు పైకి ఉండాలి. చర్మానికి 15 నుంచి 30 డిగ్రీల వాలులో వెళ్లాలి. ఇవన్నీ కాలేజీలోనే చెప్పారు. చెప్పనిది ఎడమచేతి సంగతి. గుచ్చే చోటికి కాస్త కింద ఎడమ బొటనవేలు పెట్టి చర్మాన్ని కిందికి బిగించి లాగి పట్టుకోవాలి. వదులు చర్మం ఉన్న ముసలివాళ్లలో నరం కళ్లముందే ఉంటుంది, సూది ఆనగానే పక్కకి తప్పుకుంటుంది. "నరం జారిపోతోంది" అని పేషెంటు మీద నెపం వేస్తాం గానీ చాలాసార్లు జారేది మన బొటనవేలే.

నేను మొదట రక్తం తీసింది పలాస వైపు జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్లే ఒకావిడకి. జీడి చమురుకి అరచేతులు, వేళ్ల సందులు నల్లగా మాడినట్టున్నాయి. మోచెయ్యి మాత్రం తేటగా ఉంది, నరం వేలికి వెంటనే తగిలింది. మేడం నా వెనకే నిలబడ్డారు. మామూలుగా పేషెంట్లు తల అటు తిప్పుకుంటారు. ఈవిడ సూదినే చూస్తోంది. "భయం లేదామ్మా?" అన్నాను, నిజానికి భయం నాది. "పిక్కల కాడ కాలినదానికన్నా ఇదేటి బావూ" అంది. చర్మం దాటాక చిన్న ఒత్తిడి, ఆ తర్వాత ఒక్కసారిగా ఆ ఒత్తిడి వదులవడం, హబ్‌లో ఎర్రటి చుక్క. ఆ వదులు వేళ్లకి ఒకసారి తెలిస్తే ఇంక మర్చిపోరు. మాటల్లో నేర్పడం కష్టం. నేనిప్పుడు పిల్లలకి నేర్పేటప్పుడు వాళ్ల చెయ్యి మీద నా చెయ్యి వేసి చూపిస్తాను.

ఒక చిన్న కిటుకు. కొత్త సిరంజీలో ప్లంజర్ మొదట బిగుసుకుని ఉంటుంది. గుచ్చక ముందే ఒకసారి వెనక్కి లాగి ముందుకి తోసి పెట్టుకోవాలి. లేకపోతే నరంలో ఉన్నప్పుడు లాగితే అది టక్కున కదిలి సూది కూడా కదులుతుంది. లాగడం కూడా మెల్లగానే. బోండంలో స్ట్రా వేసి బలంగా పీలిస్తే దాని గోడలు అతుక్కుపోయినట్టే, ఆత్రంగా లాగితే నరం గోడ సూది మూతికి అతుక్కుని రక్తం ఆగిపోతుంది. అప్పుడు ఇంకా గట్టిగా లాగుతారు. లాగడం ఆపి ఒక్క క్షణం ఊరుకుంటే అదే వస్తుంది.

గుచ్చాక రక్తం రాకపోతే చేయదగ్గవి తక్కువే. సూదిని ఒక పిసరు ముందుకో వెనక్కో జరిపి చూడొచ్చు. లోపల సూదిని అటూ ఇటూ తిప్పుతూ తవ్వడం మాత్రం చేయకూడదు. పేషెంటు "వేళ్లలోకి కరెంటు కొట్టినట్టుంది" అంటే ఇంక ఆలోచించక్కర్లేదు, నాడికి తగిలింది, వెంటనే తీసెయ్యాలి. రక్తం మరీ ఎర్రగా, కొట్టుకుంటూ వస్తే ధమని. తీసేసి అయిదు నిమిషాలకి తగ్గకుండా నొక్కి పట్టాలి. చుట్టూ వాపు లేస్తుంటే టోర్నికెట్ విప్పి సూది తీసి నొక్కాలి. రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే మూడోసారి వేరేవాళ్లు చూడాలి. ఇది నామోషీ అనుకునేవాళ్ల చేతిలో పేషెంట్లు పడే పాట్లు చెప్పక్కర్లేదు. మీరు పేషెంటైతే, రెండుసార్లు అయ్యాక "ఇంకెవరినైనా పిలవండి" అని అడిగే హక్కు మీకుంది. మొహమాటపడొద్దు.

సూది తీసే వరస కూడా తలకిందులవుతూ ఉంటుంది. గుప్పెట తెరిపించాలి, టోర్నికెట్ విప్పాలి, ఆ తర్వాతే సూది తీసి దూది నొక్కాలి. కట్టు ఉండగానే సూది లాగితే రక్తం చర్మం కిందికి పోయి నల్లగా కములుతుంది. దాని తర్వాత అందరూ చెప్పే మాట, "మోచెయ్యి మడిచి పెట్టుకో." ఇది ఎక్కడి నుంచి వచ్చిందో గానీ దేశమంతా పాకింది. మడిస్తే గుచ్చిన కన్నం మీద ఒత్తిడి సరిగ్గా పడదు, తెరవగానే మళ్లీ రక్తం వస్తుంది. చెయ్యి చాపి ఉంచి, వేళ్లతో దూదిని రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. రుద్దకూడదు. గుండె జబ్బుకి రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఇంకాసేపు నొక్కుకోవాలి.

ఇక్కడిదాకా తప్పు జరిగితే పేషెంటుకి నొప్పి, వాపు. కంటికి కనపడతాయి, తిడతారు, మనకి తెలుస్తుంది. ఇక్కడి నుంచి జరిగే తప్పులు ఎవరికీ కనపడవు. అవి రిపోర్టులో పేషెంటు రోగంలా కనిపిస్తాయి. నన్ను ఈ పనిలో నిజంగా భయపెట్టింది ఇదే.

ఒకరోజు బయోకెమిస్ట్రీలో ఒక రిపోర్టు వచ్చింది, పొటాషియం 9 దాటి ఉంది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 9 అంటే గుండె ఏ క్షణమైనా ఆగొచ్చు. మేమందరం వార్డుకి ఫోన్ చేద్దామంటే ల్యాబ్ ఇన్‌చార్జ్ తొణక్కుండా "కాల్షియం ఎంతుంది?" అన్నారు. చూస్తే పాతాళంలో ఉంది. వార్డుకెళ్లి చూస్తే పేషెంటు మంచం మీద బాసింపట్టు వేసుకుని ఇడ్లీ తింటున్నాడు. జరిగింది ఇది: ఎర్రమూత ట్యూబులో రక్తం తక్కువైందని, ఊదామూత ట్యూబులో ఎక్కువున్నది కాస్త తీసి అందులో పోశారు. ఊదామూత ట్యూబులో ఉండే ఈడీటీఏ పొటాషియం లవణం. రక్తం గడ్డకట్టకుండా కాల్షియాన్ని పట్టేసుకోవడమే దాని పని. ఎర్రమూతది సీరం ట్యూబు, రక్తం గడ్డకట్టాక విడిపోయే ద్రవం కోసం. ఈడీటీఏ అందులో కలిసిందంటే పొటాషియం పెరుగుతుంది, కాల్షియం పడిపోతుంది. ఇంత ఎక్కువ కలిసింది కాబట్టి దొరికింది. ఒక్క చుక్క కలిస్తే పొటాషియం 5.8 అనో 6 అనో వస్తుంది. అప్పుడెవరికీ అనుమానం రాదు, మందు రాసేస్తారు.

ట్యూబులు నింపే వరస పెట్టింది ఇందుకే. రక్తంలో క్రిములున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ ఉంటే ముందు అది, తర్వాత గడ్డకట్టే పరీక్షల నీలంమూత, ఆ తర్వాత సీరం కోసం ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ హెపారిన్, ఊదా ఈడీటీఏ, చివర షుగర్‌కి బూడిదరంగు. మొదట్లో బట్టీ పట్టాను. ఏ ట్యూబు మందు ఏ పరీక్షని చెడగొడుతుందో అర్థమయ్యాక బట్టీ అవసరం పోయింది. నీలంమూత ట్యూబుని గీత దాకా నింపాలి. అందులో ఉండే గడ్డకట్టనివ్వని మందు, ఒక వంతు సిట్రేట్‌కి తొమ్మిది వంతుల రక్తం పడాలని లెక్క. సగమే నింపితే రక్తం గడ్డకట్టే సమయం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. నింపిన వెంటనే తలకిందులు చేసి మళ్లీ నిలబెడుతూ కలపాలి, నీలాన్ని మూడు నాలుగుసార్లు, ఊదాని ఎనిమిది నుంచి పదిసార్లు. సీసా మందు ఊపినట్టు ఊపకూడదు.

సిరంజీతో తీసిన రక్తాన్ని ట్యూబులోకి పోసేటప్పుడు సూది ఉంచి ప్లంజర్‌ని బలంగా తోస్తే ఎర్రకణాలు ఆ సన్నటి దారిలో నలిగి పగులుతాయి. మూత తీసే ట్యూబైతే సూది విప్పేసి, ట్యూబు గోడ వెంట మెల్లగా జారవిడవాలి. వాక్యూమ్ ట్యూబైతే స్టాండులో నిలబెట్టి ఒక్క చేత్తో మూతలోకి గుచ్చి వదిలేస్తే, తనకి కావలసినంత తనే లాక్కుంటుంది. ట్యూబుని ఎడమచేత్తో పట్టుకుని గుచ్చితే సూది గురి తప్పినప్పుడు వెళ్లేది మన వేలిలోకే. పగిలిన కణాల సంగతి ట్యూబుని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పాక తెలుస్తుంది. గడ్డివాముల రంగులో ఉండాల్సిన సీరం గులాబీ రంగుకో, ఎరుపుకో తిరిగి ఉంటుంది. కణాల్లోపలి పొటాషియం, కొన్ని ఎంజైములు అందులోకి వచ్చేసి ఉంటాయి. ఆ శాంపిల్ పారేసి మళ్లీ తీయడం తప్ప వేరే దారి లేదు.

పొటాషియం గురించి ఇంతగా చెప్పడానికి మా జిల్లాయే కారణం. ఉద్దానం పేరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడితోటల మధ్య ఊళ్లకి ఊళ్లు కిడ్నీ జబ్బుతో తల్లడిల్లుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అంతకు ముందు పెద్ద వైద్యం అంటే విశాఖ కేజీహెచ్‌కి పరుగే. ఈ పేషెంట్లకి పొటాషియం నిజంగానే పెరుగుతుంది. మామూలు మనిషి రిపోర్టులో 6.2 కనిపిస్తే శాంపిల్‌ని అనుమానిస్తాం. వీళ్ల రిపోర్టులో అదే అంకె వస్తే నమ్మేస్తారు. అందుకే వీళ్ల దగ్గర గుప్పెట ఆడించడం, తడి స్పిరిట్, బలంగా తోయడం, వీటిలో ఏ ఒక్కటీ పనికిరాదు.

వీళ్ల చేతుల విషయమూ వేరు. డయాలసిస్ కోసం ధమనిని, సిరని కలిపి ఫిస్టులా చేసిన చెయ్యి ఉంటే ఆ చేతికి టోర్నికెట్ కట్టకూడదు, బీపీ చూడకూడదు, సూది పెట్టకూడదు. అది పాడైతే ఆ మనిషికి డయాలసిస్ దారే మూసుకుపోతుంది. ఇంకా ఫిస్టులా చేయని కిడ్నీ పేషెంట్లకి కూడా ముంజేతి నరాల్ని దాచిపెట్టాలి, అరచేతి వెనకవైపు నుంచే తీయాలి. ఇది వార్డుల్లో చాలామంది పట్టించుకోరు. పేషెంట్లు పట్టించుకుంటారు. కవిటి నుంచి వచ్చే ఒక పెద్దాయన నేను కుర్చీ లాక్కోగానే ఎడమచేతిని దుప్పటి కిందకి తోసేసి, కుడి చెయ్యి బోర్లా పెట్టి, "ఇదుగో, ఈడ గుచ్చు. పైకి ఎక్కొద్దు" అనేవాడు. అక్కడ నరాలు సన్నవి, నొప్పి ఎక్కువ, 23 గేజ్‌తో మెల్లగా తీయాలి. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. రెండు ట్యూబులు నిండేసరికి మాత్రం "ఏటి బావూ, ఉన్న రగతమంతా నీకేనా" అనేవాడు. చాలామందికి ఇదే బెంగ. పెద్ద మనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. మేం తీసేది మామూలుగా అయిదో పదో మిల్లీలీటర్లు, ఒకటి రెండు టీస్పూన్లు. ఆ మాట చెబితే కొంత కుదుటపడతారు.

సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయడం రాత్రి డ్యూటీల్లో ఎక్కువ జరిగే తప్పు. పేషెంటు నిద్రలో ఉంటాడు, రెండో చెయ్యి ఒంటి కింద ఉంటుంది, లేపడమెందుకులే అనిపిస్తుంది. డెక్స్‌ట్రోజ్ (చక్కెర కలిపిన సెలైన్) ఎక్కుతున్న చేతిలో పైన గుచ్చి తీస్తే షుగర్ ఆకాశంలో ఉంటుంది, మిగతావన్నీ నీళ్లు కలిసి పడిపోయి ఉంటాయి. ఆ రిపోర్టు చూసి ఎవరైనా ఇన్సులిన్ ఇచ్చారంటే ఏమవుతుందో ఆలోచించండి. రెండో చేతి నుంచే తీయాలి. రెండు చేతులకీ ఎక్కుతుంటే డాక్టర్ని అడిగి సెలైన్ ఆపించి, కనీసం రెండు నిమిషాలు ఆగి, ఆ సూదికి దిగువన తీయాలి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకి అటువైపు చెయ్యి కూడా వద్దు.

వానాకాలం చివర డెంగ్యూ మొదలైతే ల్యాబ్ ముందు జాతరే. అందరి ప్రాణం ప్లేట్‌లెట్ల మీద. రక్తం నెమ్మదిగా, ఆగి ఆగి వచ్చినా, ఊదామూత ట్యూబుని వెంటనే కలపకపోయినా అందులో కంటికి కనపడనంత చిన్న గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లు వాటిలో ఇరుక్కుపోతాయి. మెషిన్ తను చూసినన్నే లెక్కపెడుతుంది. ఒక డిగ్రీ కుర్రాడికి కౌంటు 30 వేల చిల్లర వచ్చింది, వాళ్ల నాన్న అప్పటికే దాతల కోసం వాట్సాప్‌లో మెసేజీలు పెట్టేశాడు. కుర్రాడు చూస్తే జ్వరం తగ్గి ఫోన్‌లో క్రికెట్ చూసుకుంటున్నాడు. ట్యూబులో పుల్ల తిప్పి చూస్తే చివర చిన్న గడ్డ తగులుకుని వచ్చింది. మళ్లీ తీస్తే లక్షా నలభై వేలు. కౌంటు తక్కువొస్తే ముందు ట్యూబులో గడ్డ ఉందేమో చూడాలి, తర్వాత స్లైడు మీద మైక్రోస్కోపు కింద చూడాలి. ఇదంతా అయ్యాకే భయపడాలి. అలాగని డెంగ్యూలో తక్కువ కౌంటు వచ్చిన ప్రతిసారీ శాంపిల్ తప్పనుకుని ఊరుకుంటే అంతకన్నా ప్రమాదం.

పాము కాటుకి చేసే గడ్డ పరీక్ష కూడా ఇక్కడే చెప్పేస్తాను. రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు వంచి చూస్తారు. గాజుదే కావాలి. ప్లాస్టిక్ ట్యూబులో విషం లేకపోయినా రక్తం సరిగ్గా గడ్డకట్టకపోవచ్చు. గాజు ట్యూబుని సబ్బుపొడితో కడిగి వాడినా అంతే.

షుగర్ శాంపిల్ దూరం వెళ్లాల్సి ఉంటే బూడిదరంగు ట్యూబే వాడాలి. మామూలు ట్యూబులో కణాలు బతికే ఉండి గ్లూకోజ్ తింటూనే ఉంటాయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. పీహెచ్‌సీలో పొద్దున్న ఏడింటికి తీసి, మధ్యాహ్నం ల్యాబ్‌కి చేరిన శాంపిల్‌లో షుగర్ బాగానే ఉందంటే సంతోషించకండి. పరగడుపున రమ్మన్నప్పుడు మంచినీళ్లు తాగొచ్చు, తాగి రండి కూడా. నీళ్లు తాగకుండా వచ్చినవాళ్ల నరాలు దొరకవు. ఇదివరకు రక్తం తీసినప్పుడు కళ్లు తిరిగి ఉంటే ముందే చెప్పండి, కూర్చోబెట్టకుండా పడుకోబెట్టి తీస్తాం.

ఇంక మా ప్రాణాల సంగతి. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టడం అన్నిటికన్నా పాత తప్పు, ఇప్పటికీ పోలేదు. ఎడమచేత్తో మూత పట్టుకుని కుడిచేత్తో సూది దూరుస్తారు, అది పక్కనున్న వేలిలోకి దిగుతుంది. సూదిని తీసిన చోటే హబ్ కట్టర్‌లో కత్తిరించాలి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు, పదునైనవి తెల్లటి గట్టి డబ్బాలోకి, సూది లేని సిరంజీ, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్లాలి. దూదిలో సూది చుట్టి పడేస్తే, అది గుచ్చుకునేది మనకి కాదు, చెత్త ఎత్తే అమ్మకి. మా పోస్టింగ్‌లో ఒక స్వీపరమ్మకి అలాగే గుచ్చుకుంది. ఆమె రక్తం పిండుకుంటూ నిలబడితే మేడం పిండనివ్వకుండా చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బుతో కడిగించారు. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్ పోయకూడదు. కడిగి, వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పాలి. హెచ్ఐవీ అనుమానం ఉంటే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, రెండు గంటల్లో అయితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు వాడాలి. చాలామంది తిడతారని చెప్పరు, మూడు రోజులు అలాగే గడిచిపోతాయి.

సూదిపోటుతో హెచ్ఐవీ కన్నా హెపటైటిస్ బి అంటుకునే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి టీకా ఉంది. మొదటి డోసు, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. ఫీజు కట్టి యూనిఫాం కుట్టించుకుని వచ్చే పిల్లల్లో ఈ టీకా వేయించుకోకుండా వచ్చేవాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు. కోర్సులో చేరిన వారమే మొదటి డోసు వేయించుకుంటే పోస్టింగ్ నాటికి మూడూ అయిపోతాయి. మూడోది అయ్యాక ఒకటి రెండు నెలలకి టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీబాడీ టైటర్ పరీక్ష చేయించుకోవాలి. అది 10 కన్నా తక్కువ వస్తే మళ్లీ డోసులు వేయించుకోవాలి. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లని నేను ముందు అడిగేది ఈ టీకా కాగితమే. అది లేనివాళ్లకి రిక్వెస్ట్ ఫారాలు ఇచ్చి పేర్లు కనుక్కు రమ్మంటాను గానీ ట్రే ఇవ్వను.